వెంటిలేటర్ తొలగించవచ్చా అన్న ప్రశ్నను హలాఖా ప్రకారం పరిశీలించే విధానం

ఒక యూదు వృద్ధుడు కొన్ని వారాలుగా వెంటిలేటర్ మీద ఉన్నాడనుకుందాం. కోలుకునే ఆశ లేదని వైద్యులు చెప్పారు. యంత్రాన్ని ఆపించవచ్చా అని పిల్లలు తమ రబ్బీని, అంటే యూదు మతగురువును, అడిగారు. ఆ రబ్బీ అవుననో కాదనో చెప్పడానికి ముందు ఏమేమి తెలుసుకుంటారు, ఏ గ్రంథాలు తెరుస్తారు, పాత మాటను కొత్త యంత్రానికి ఎలా అన్వయిస్తారు అన్నది ఇక్కడ వరుసగా వివరిస్తాను. వైద్య నీతిశాస్త్రం, న్యాయశాస్త్రం చదివేవారితో పాటు, ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలో సంరక్షకులుగా పనిచేస్తూ ఇలాంటి సంప్రదింపులను దగ్గర నుంచి చూసే తెలుగువారికి కూడా ఇది అక్కరకు వస్తుంది. దీన్ని చదివినంత మాత్రాన తీర్పు చెప్పే అర్హత రాదు. తీర్పు ఎలా తయారవుతుందో మాత్రం తెలుస్తుంది.

యూదుల ధర్మశాస్త్రాన్ని హలాఖా అంటారు. దీనికి మూలం తోరా, అంటే బైబిలులోని మొదటి ఐదు కాండాలు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, దాని మీద తరతరాల పండితులు జరిపిన చర్చల సంపుటి తాల్ముద్, ఆ చర్చల సారాన్ని క్రోడీకరించిన మధ్యయుగపు స్మృతులు, వాటన్నిటి మీద ఈనాటి దాకా రాస్తూ వస్తున్న ప్రశ్నోత్తరాలు కలిసి ఆ శాస్త్రాన్ని నిలబెడుతున్నాయి. యూదులందరూ కట్టుబడవలసిన ఏకైక పీఠాధిపతి గానీ సర్వోన్నత ధర్మపీఠం గానీ లేదు. తీర్పు చెప్పగల పాండిత్యం ఉన్న రబ్బీని పోసెక్ అంటారు. ఆయన మాటకు బలం ఆయన చూపిన ఆధారాల నుంచి, ఆయనను నమ్మి అడిగిన వారి నుంచి వస్తుంది.

ముందుగా వాస్తవాలు

ఈ విషయం కొత్తగా చదివేవారు సాధారణంగా ఒక గొప్ప వాక్యంతో మొదలుపెడతారు. ద్వితీయోపదేశకాండంలో జీవాన్ని కోరుకొమ్మని ఉంది కాబట్టి యంత్రం ఆపకూడదు అంటారు, లేదా దయ చూపమని ఉంది కాబట్టి ఆపవచ్చు అంటారు. రెండూ పనికిరావు. ఆ వాక్యాలు నిజమే అయినా వాటికీ ఆసుపత్రి గదిలోని యంత్రానికీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరం దాటడమే పోసెక్ పని. అందుకే ఆయన ముందు వైద్యుడితో మాట్లాడతారు.

అడగవలసినవి ఇవి. రోగి తనంతట తాను కొంచెమైనా ఊపిరి తీసుకోగలడా, లేక శ్వాస పూర్తిగా యంత్రానిదేనా? మెదడు కాండం పనిచేస్తోందా? రోగికి నొప్పి తెలుస్తోందా? స్పృహలో ఉన్నప్పుడు తన చికిత్స గురించి ఏమన్నాడు? ఇప్పుడు అడుగుతున్నది నడుస్తున్న యంత్రాన్ని ఆపడం గురించా, ఆగిన యంత్రాన్ని మళ్లీ పెట్టకపోవడం గురించా, ఇంకా మొదలుపెట్టని డయాలిసిస్ లాంటి చికిత్సను వద్దనడం గురించా? బయటి వారికి ఇవన్నీ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. హలాఖాలో ఒక్కొక్కటి ఒక్కో తీర్పుకు దారితీయవచ్చు.

మెదడు కాండం సంగతే చూడండి. కూలిన కట్టడం కింద చిక్కుకున్న మనిషి బతికే ఉన్నాడా అని తేల్చడానికి ఎంతవరకు తవ్వి చూడాలని తాల్ముద్‌లోని యోమా భాగం 85వ పత్రంలో చర్చ ఉంది. ముక్కు దాకా తవ్వి ఊపిరి ఉందో లేదో చూడాలన్న మాట అక్కడ ప్రధానం. దాన్ని ఆధారం చేసుకుని, శ్వాసను నడిపే మెదడు కాండం తిరిగి రాకుండా చనిపోతే మనిషి చనిపోయినట్టేనని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల మండలి 1986లో అంగీకరించింది. గుండె మార్పిడి శస్త్రచికిత్సలకు దారి ఇచ్చిన నిర్ణయం అదే. గుండె కొట్టుకుంటున్నంత వరకు ప్రాణం ఉన్నట్టేనని జెరూసలేంకు చెందిన రబ్బీ యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ వంటి పెద్దలు ఒప్పుకోలేదు. కాబట్టి వైద్య పరీక్షలో మెదడు కాండం మృతి తేలితే, ఒక పోసెక్ దృష్టిలో వెంటిలేటర్ ప్రశ్న అంతటితో ముగిసిపోతుంది, మరొకరి దృష్టిలో అప్పుడే మొదలవుతుంది.

వాస్తవం మారితే తీర్పు ఎంతగా తిరగబడుతుందో చూపడానికి తిరుమలకు సంబంధించిన ఒక ఉదంతం ఉంది. నిష్ఠ గల యూదు స్త్రీలు పెళ్లయ్యాక తల కప్పుకుంటారు. వారిలో చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గులకు వాడే జుట్టులో కొంత తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలు. అన్యదేవతకు నైవేద్యంగా అర్పించిన వస్తువు నుంచి ఏ ప్రయోజనమూ పొందకూడదని హలాఖా నియమం. మరి తలనీలాలు దేవుడికి అర్పించిన వస్తువేనా, లేక తల బోడి చేసుకుని వినయం చూపడమే మొక్కు, జుట్టు మిగిలిపోయిన పదార్థమా? తమకు అందిన సమాచారాన్ని బట్టి రెండోదే నిజమనుకుని మొదట్లో రబ్బీ ఎల్యాషివ్ అభ్యంతరం చెప్పలేదు. 2004లో లండన్‌కు చెందిన రబ్బీ అహరోన్ డన్నర్ తిరుమలకు స్వయంగా వచ్చి చూసి, భక్తుల మనసులో క్షౌరమే పూజలో భాగమని నివేదించారు. ఆ మే నెలలో రబ్బీ ఎల్యాషివ్ ఆ విగ్గులను నిషేధించారు. బ్రూక్లిన్, జెరూసలేం వీధుల్లో విగ్గులు కుప్పపోసి కాల్చారు. క్షౌరం స్వామి సన్నిధిలో జరగదు, కల్యాణకట్టలో జరుగుతుంది, ఆ జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది కాబట్టి అది నైవేద్యం కాదని మరికొందరు రబ్బీలు వాదించారు. శాస్త్రవాక్యం ఇరువర్గాలకూ ఒకటే. కల్యాణకట్టలో జరిగేది ఏమిటన్న దగ్గరే వారు విడిపోయారు. స్వామికి జుట్టు ఇచ్చుకున్నానని చెప్పే భక్తురాలూ, అహంకారం వదులుకోవడమే అసలు మొక్కని చెప్పే పండితుడూ మన మధ్య ఇద్దరూ ఉన్నారు కాబట్టి, ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారడంలో తెలుగువారికి వింత ఏమీ కనిపించదు. వాస్తవం కోసం ఎవరిని అడగాలన్నది కూడా తీర్పులో భాగమేనని ఈ ఉదంతం నుంచి గ్రహించాలి.

ఏ నియమాలు తగులుతున్నాయి

వాస్తవాలు తేలాక, అవి ఏ విధులనూ నిషేధాలనూ తాకుతున్నాయో గుర్తించాలి. వెంటిలేటర్ విషయంలో మొదటిది ప్రాణరక్షణ. లేవీయకాండం 18:5లోని 'వాటివలన బ్రదుకును' అన్న మాటను పట్టుకుని, ఆజ్ఞలు బతకడానికే గాని చావడానికి కాదని తాల్ముద్ తేల్చింది. అందువల్ల ప్రాణం కాపాడడానికి, పని చేయరాని వారపు విశ్రాంతి దినమైన సబ్బాతును సైతం మీరాలి. విగ్రహారాధన, నిషిద్ధ లైంగిక సంబంధం, హత్య అనే మూడింటికి మాత్రం ఆ మినహాయింపు లేదు. శిథిలాల కింద ఉన్నవాడు కొద్దిసేపే బతుకుతాడని తెలిసినా సబ్బాతు నాడు తవ్వాల్సిందేనన్నారు గనుక, ఎలాగూ పోయే ప్రాణమే కదా అన్న వాదనకు హలాఖాలో చోటు చాలా తక్కువ. రెండోది హత్యా నిషేధం. మూడోది బాధను తగ్గించవలసిన బాధ్యత. నాలుగోది, మనిషి దేహం అతని సొంత ఆస్తి కాదు, దేవుడు అప్పగించినదన్న భావన.

భారత సుప్రీంకోర్టు 2018లో కామన్ కాజ్ కేసులో ఇదే ప్రశ్నను రాజ్యాంగం 21వ అధికరణం కింద, గౌరవంగా మరణించే హక్కు కోణం నుంచి పరిశీలించింది. హలాఖా హక్కుతో మొదలుపెట్టదు. నేను ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న విధి నుంచి మొదలవుతుంది. రోగి ఇష్టానికి అక్కడ విలువ లేకపోలేదు గాని, అది ఒక్కటే ప్రశ్నను తేల్చదు. ఈ తేడా గమనించకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే అయోమయమే మిగులుతుంది.

పూర్వోదాహరణ: దిండు, ఉప్పు, కట్టెలు కొట్టే చప్పుడు

ఇక గ్రంథాలు. యోసెఫ్ కారో రచించి 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ అరూఖ్ యూదుల ప్రామాణిక స్మృతి. దానికి క్రాకోవ్‌కు చెందిన మోషే ఇస్సెర్లెస్ వ్యాఖ్య జోడించారు. ఆయనను రెమా అని పిలుస్తారు. ఆ గ్రంథంలోని యోరే దేయా భాగం 339వ అధ్యాయంలో మరణాసన్నుడి గురించి ఉంది. అలాంటి వాడిని గోసేస్ అంటారు. మూడు రోజులకు మించి బతకడని అనిపించే స్థితి అని పాత వివరణ. గోసేస్ అన్ని విధాలా బతికున్న మనిషే. ప్రాణం పోతుండగా అతని కళ్లు మూసినవాడు రక్తం చిందించినట్టేనని తాల్ముద్ అంటుంది. కొడిగట్టిన దీపం మీద వేలు పెడితే చాలు ఆరిపోతుందని అక్కడే పోలిక చెప్పింది.

రెమా వ్యాఖ్యలో అసలు సరుకు ఉంది, దాన్ని నిదానంగా చదవాలి. కొన్ని పక్షుల ఈకలు ప్రాణం పోకుండా పట్టి ఉంచుతాయని జనం నమ్మేవారు. అందుకని ప్రాణం త్వరగా పోవాలని మరణాసన్నుడి తల కింద నుంచి దిండు లాగేయడం నిషేధమని ఆయన రాశారు. ప్రార్థనా మందిరం తాళం చెవులు తల కింద పెట్టి ప్రాణం పోగొట్టడమూ నిషేధమే. అయితే ఇంటి దగ్గర ఎవరో కట్టెలు కొడుతుంటే ఆ చప్పుడు ప్రాణాన్ని ఆపుతోందనుకోండి, లేదా రోగి నాలుక మీద ఉప్పు ఉండి అది ప్రాణాన్ని ఆపుతోందనుకోండి, ఆ చప్పుడు ఆపించవచ్చు, ఆ ఉప్పు తీసేయవచ్చు. అందులో చేసే పని ఏదీ లేదు, అడ్డును తొలగించడమే ఉంది అని ఆయన కారణం చెప్పారు. ఈకలు, ఉప్పు గురించిన నమ్మకాలు ఈనాడు ఎవరికీ అవసరం లేదు. వాటి కింద ఉన్న విభజన మాత్రం అవసరం: చావును దగ్గర చేసే పని ఒకటి, పోతున్న ప్రాణానికి ఉన్న అడ్డును తీయడం మరొకటి.

ఇక్కడ పాఠకుడు వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: నాలుక మీది ఉప్పు తీయాలన్నా రోగిని కదిలించక తప్పదు కదా, దిండు తీయడానికీ దీనికీ తేడా ఏమిటి? రెమా తర్వాతి శతాబ్దంలో దవీద్ హలేవీ సెగల్ తన వ్యాఖ్యానంలో ఈ అభ్యంతరమే లేవనెత్తారు. పూర్వోదాహరణను తలూపి ఒప్పుకోకుండా దాని బలహీనమైన చోటు ఎక్కడో వెతకడం ఈ శాస్త్రంలో సత్సంప్రదాయం.

తాల్ముద్‌లో రెండు కథలు కూడా ఈ చర్చలో తరచు వస్తాయి. మిష్నాను కూర్చిన రబ్బీ యెహూదా హనాసీ తీవ్రమైన బాధతో మంచం పట్టినప్పుడు, శిష్యుల ఎడతెగని ప్రార్థన ఆయన ప్రాణాన్ని పోనివ్వడం లేదని చూసిన దాసి డాబా మీద నుంచి ఒక కూజా కిందికి విసిరింది. ఆ శబ్దానికి ప్రార్థన క్షణం ఆగింది, ఆయన కన్ను మూశారు. రోమన్లు రబ్బీ హనినా బెన్ తెరాదియోన్‌ను సజీవదహనం చేస్తూ, చావు ఆలస్యం కావాలని ఆయన గుండె మీద తడి ఉన్ని పెట్టారు. నోరు తెరిచి మంటను లోపలికి పోనివ్వండని శిష్యులు వేడుకుంటే, ప్రాణం ఇచ్చినవాడే తీసుకోవాలి గాని నేను తీసుకోరాదని ఆయన నిరాకరించారు. తలారి ఆ ఉన్ని తీసేస్తానంటే మాత్రం ఒప్పుకున్నారు. వీటిని చదివి కన్నీరు పెట్టుకోవచ్చు, వీటి నుంచి దిశ తెలుసుకోవచ్చు, కానీ కథ మీద ఒంటరిగా తీర్పు నిలబెట్టకూడదు. తాల్ముద్‌లోని కథాభాగాన్నీ శాసనభాగాన్నీ ఒకే తూకంతో తూచకపోవడం పాత కట్టుబాటు. కథ ఒక నియమానికి తోడు సాక్ష్యంగా వస్తేనే బలం.

వెంటిలేటర్ దిండా, ఉప్పా

మొత్తం పనిలో కష్టమైన ఘట్టం ఇదే. కొత్త వస్తువు పాత వస్తువుల్లో దేనికి దగ్గరో తేల్చాలి, పైపై పోలికను బట్టి కాకుండా తీర్పును మోసే గుణాన్ని బట్టి తేల్చాలి. టెల్ అవీవ్ ప్రధాన రబ్బీగా ఉన్న హయీం దవీద్ హలేవీ, కోలుకునే అవకాశం లేని రోగికి వెంటిలేటర్ అచ్చంగా నాలుక మీది ఉప్పు లాంటిదేనని, తీయవచ్చునని వాదించారు. జెరూసలేంకు చెందిన ష్లోమో జల్మన్ ఆవర్‌బాఖ్ వంటి వారు అంగీకరించలేదు. ఆహారం, నీరు, ఆక్సిజన్ ఏ మనిషికైనా సహజమైన అవసరాలు గనుక వాటిని ఆపరాదని, బాధ పెంచే చికిత్సలను మాత్రం రోగి వద్దనవచ్చునని ఆయన అభిప్రాయం. న్యూయార్క్‌లోని మోషే ఫైన్‌స్టైన్ కూడా, నయం చేయలేని రోగి బాధను పొడిగించడం తప్ప మరేమీ చేయని చికిత్సను మొదలుపెట్టవలసిన బాధ్యత లేదన్నారు, కానీ ప్రాణం ఉన్న మనిషి నుంచి యంత్రాన్ని లాగేయడాన్ని అనుమతించలేదు. ఆక్సిజన్ సిలిండర్ మార్చవలసిన సమయంలో యంత్రం సహజంగా ఆగినప్పుడు, మళ్లీ కలిపే ముందు రోగిలో ఊపిరి ఆనవాళ్లు ఉన్నాయేమో గమనించమని ఆయన సూచించారు.

ఈ విభజన నుంచే ఒక ఆచరణాత్మక మార్గం పుట్టింది. జెరూసలేంలోని షారే జెడెక్ ఆసుపత్రికి ధర్మ సలహాలిచ్చిన ఎలియేజర్ వాల్డెన్‌బెర్గ్, వెంటిలేటర్‌ను మొదటి నుంచే టైమర్‌తో అమర్చమన్నారు. నిర్ణీత కాలం పూర్తయి యంత్రం తనంతట తాను ఆగినప్పుడు రోగి పరిస్థితిని చూసి, మళ్లీ మొదలుపెట్టాలో లేదో అప్పుడు నిర్ణయించవచ్చు. నడుస్తున్న యంత్రాన్ని ఆపే పని ఎవరూ చేయనక్కర లేదు. బాలల నరాల వైద్యుడూ హలాఖా పండితుడూ అయిన అవ్రాహం స్టైన్‌బెర్గ్ అధ్యక్షతన వైద్యులు, రబ్బీలు, న్యాయవాదులు, తత్త్వవేత్తలతో ఏర్పడిన కమిటీ సిఫార్సులతో ఇజ్రాయెల్ పార్లమెంటు 2005 డిసెంబరులో మరణాసన్న రోగుల చట్టం చేసింది. ఆరు నెలలకు మించి బతకరని వైద్యులు భావించే రోగులకు అది వర్తిస్తుంది. నిరంతరంగా సాగే చికిత్సను మధ్యలో తెంచకూడదని, డయాలిసిస్, కీమోథెరపీలా విడతలుగా సాగే చికిత్సలో తర్వాతి విడతను మొదలుపెట్టకపోవచ్చని ఆ చట్టం విభజించింది. టైమర్‌తో వెంటిలేటర్‌ను కూడా విడతల చికిత్సగా మార్చే వీలు కల్పించింది.

టైమర్ వ్యవహారం చూసి ఇది కంటితుడుపు ఉపాయమని పెదవి విరిచేవారు ఉన్నారు. ఫలితం ఒకటే అయినప్పుడు మీట నొక్కడానికీ నొక్కకపోవడానికీ తేడా ఏమిటన్న వారి ప్రశ్న న్యాయమైనదే. అయినా నాకు ఇది ఉపాయంగా తోచదు. మనిషి చేతితో చావు తేకూడదన్న గీతను శతాబ్దాలుగా గట్టిగా గీసుకున్న శాస్త్రం, ఆ గీతను చెరపకుండా బాధ విషయంలో ఏం చేయగలదో అది చేసింది. చేయడానికీ చేయకపోవడానికీ మధ్య తేడాను మొదటి నుంచే నమ్మని వారికి ఇది రుచించదు. ఆ వాదన హలాఖా బయట జరగాలి.

వర్గీకరణ సరిగ్గా కుదిరిందో లేదో పరీక్షించడానికి వివరాలను మార్చి చూడడం మంచి అలవాటు. ట్యూబు దానంతట అదే ఊడిపోతే మళ్లీ పెట్టాలా? కోవిడ్ మొదటి నెలల్లో అడిగినట్టు, ఒకే వెంటిలేటర్ ఉండి ఇద్దరు రోగులు వస్తే ఎవరికి? బ్రతికే అవకాశం ఎక్కువ ఉన్నవాడికి ముందుగా పెట్టవచ్చునని, ఇప్పటికే ఒకరికి పెట్టినదాన్ని లాగి మరొకరికి ఇవ్వరాదని చాలామంది రబ్బీలు చెప్పారు. ఒక ప్రాణం కోసం మరో ప్రాణాన్ని తోసేయరాదన్న మిష్నా సూత్రం అక్కడ పనిచేసింది. వివరం మారినప్పుడు మీ సమాధానం ఎందుకు మారిందో చెప్పలేకపోతే, మీరు ఎంచుకున్న పోలిక ఇంకా పచ్చిగానే ఉందని అర్థం.

సమాధానం రాయడం

సమాధానం అడిగిన కేసుకే కట్టుబడి ఉండాలి. దీనికి ప్రేగ్‌కు చెందిన యెహెజ్కేల్ లండావ్ 18వ శతాబ్దంలో ఇచ్చిన ఒక జవాబు చక్కని నమూనా. మూత్రాశయంలో రాయికి శస్త్రచికిత్స జరిగి ఒక రోగి చనిపోయాడు. ఇకపై ఇలాంటి రోగులకు మేలు జరిగేలా శవాన్ని కోసి చూడవచ్చా అని లండన్ నుంచి అడిగారు. మృతదేహాన్ని అవమానించరాదన్నది నియమం, ప్రాణరక్షణ కోసం దాన్ని పక్కన పెట్టవచ్చు. అయితే ఆ ప్రాణాపాయం ఇప్పుడు మన ఎదుట ఉన్న రోగికి ఉండాలి, ఎప్పుడో రాబోయే రోగి కోసమని అనుమతిస్తే దానికి అంతు ఉండదని ఆయన తేల్చారు. ఎదుట ఉన్న రోగి అన్న ఆ ఒక్క షరతు తర్వాత శవపరీక్షల చర్చలోనూ అవయవదానం చర్చలోనూ పునాదిగా నిలిచింది. ఆసుపత్రుల మధ్య కబురు గంటల్లో చేరే రోజుల్లో ఎదుట ఉన్న రోగి అంటే ఎంత దూరంలో ఉన్నవాడు అన్నది తర్వాతి పండితుల ప్రశ్న.

ఎవరి అభిప్రాయాన్ని అనుసరించారో కూడా దాచకుండా రాయాలి. అమెరికాలోని కన్సర్వేటివ్ అనే యూదు శాఖ ధర్మసమితి 1990లో మరణాసన్నుల చికిత్స మీద పరస్పరం విభేదించే రెండు పత్రాలను, ఎలియట్ డార్ఫ్ రాసినదానినీ అవ్రమ్ రైస్నర్ రాసినదానినీ, రెండింటినీ ఆమోదించింది. రిఫార్మ్ అనే మరో శాఖ వారికి హలాఖా మార్గదర్శకమే గాని శాసనం కాదు. ఇజ్రాయెల్ చట్టం హలాఖాను గౌరవిస్తూ రాసినదే అయినా అది పార్లమెంటు చట్టం. అందువల్ల 'యూదుమతం ఇలా అంటుంది' అన్న వాక్యం మీ రాతలో ఎక్కడ వచ్చినా కొట్టివేసి, ఏ శాఖకు చెందిన ఏ పోసెక్ ఏ గ్రంథం ఆధారంగా అన్నారో రాయండి.

చివరగా, ఈ ప్రశ్న ఐసీయూ తలుపు దగ్గర మొదటిసారి అడగవలసి రాకుండా చూసుకోవడమే మేలు. అమెరికాలోని అగుదాత్ ఇజ్రాయెల్ సంస్థ హలాఖాకు అనుగుణమైన ముందస్తు వైద్య నిర్దేశ పత్రాలను ఆయా రాష్ట్రాల చట్టాలకు సరిపోయేలా తయారుచేసింది. వాటిలో రోగి తన తరఫున మాట్లాడవలసిన వ్యక్తి పేరుతో పాటు, సందేహం వస్తే సంప్రదించవలసిన రబ్బీ పేరు కూడా రాస్తాడు. యూదు కుటుంబంలో సంరక్షకులుగా ఉన్నవారు అలాంటి పత్రం ఉందో లేదో, ఉంటే ఇంట్లో ఎక్కడ పెట్టారో, అందులోని రబ్బీ ఫోన్ నంబరు ఏమిటో ముందే అడిగి తెలుసుకుని ఉంచుకోవాలి.